పోపు నియమం

జూన్ 9

లైసెన్సు ఉన్న ఉత్పత్తిదారులు రోజూ నింపాల్సిన తెరలో ఆఖరున "ఇతర విషయాలు" అని ఒక గడి ఉంది. ఇన్నాళ్లూ దాన్ని ఖాళీగా వదిలేశాను. ఈరోజు తెర ఒప్పుకోనంటోంది. ఏదో ఒకటి రాసేదాకా ఎర్రగా మెరుస్తూనే ఉంటుందట. సరే, రాస్తాను. అడిగింది మీరే కాబట్టి తర్వాత నన్ను వాగుడుకాయ అనకండి.

నా పేరు నూకరత్నం. పాత రేవు సముద్రం పాలయ్యాక కొండను మెట్లుమెట్లుగా చెక్కి కట్టిన మెట్టపేటలో మూడో మెట్టు మీద మా ఇల్లు. నారమొక్క ఆకుతో నొప్పికి చుక్కల మందు తీస్తాను. నారమొక్క గంజాయి జాతిదే, కాకపోతే మత్తు తక్కువది. మా గోడల ఇటుకలు దాని బెండుతోనే చేస్తారు, నేను కట్టుకున్న చీర దాని నారే. అందులో మత్తు కలిగించే సరుకును టీహెచ్‌సీ అంటారని మీ మందుల శాఖ శిక్షణలోనే నేర్చుకున్నాను. మందులో అది నూటికి సున్నా పాయింటు మూడు పాళ్లు దాటకూడదని మీ చట్టం. నా సీసాల్లో ఏనాడూ దాటలేదు. గానుగ గది గోడకు మీరు బిగించిన వాసన పట్టే పెట్టె, మేం ముక్కుగారు అని పిలుచుకునేది, ఎప్పుడూ పచ్చగానే వెలుగుతుంది.

ఈరోజు పని: ఆకు మోపులు వచ్చాయి. రాతి గానుగలో చల్లగా ఆడించాను. మిషను గానుగలో తొందరగా అవుతుంది కానీ వేడెక్కుతుంది, వేడెక్కితే ముక్కుగారికి కోపం. పొద్దున మా ఆయన గవరయ్యకు కాళ్ల మంటలు లేచాయి. మధ్యాహ్నం చారు తాగాక తగ్గాయి. ఇవండీ ఇతర విషయాలు.

జూన్ 12

మొన్న "ఏమీ లేవు" అని రాస్తే కుదరదంది. నిన్న ఒళ్లు మండి మీ శాఖను నాలుగు తిట్లు తిట్టి రాశాను. "ధన్యవాదాలు, నమోదైంది" అంది. అంటే ఇక్కడ రాసేది ఏ మనిషీ చదవడని తేలిపోయింది. నాకిది హాయిగా ఉంది. ఎదురు మాట్లాడని చోటు ఇంట్లో ఇదొక్కటే.

గవరయ్య మునిగిన మేడల్లోకి దిగి రాగి తీగలు లాక్కొచ్చే పని చేసేవాడు. లోతు నీళ్లలో తిరిగి తిరిగి కాళ్ల నరాలు చెడిపోయాయి. కారం నూరిన రోట్లో కాళ్లు పెట్టినట్టు ఉంటుందంటాడు. అసలు ఈ చుక్కల పని ఆయన కోసమే నేర్చుకున్నాను. మొదట్లో పచ్చిగా నాలుక మీద వేసేదాన్ని. చేదుకు మొహం అష్టవంకరలు తిప్పడమే తప్ప మంట తగ్గేది కాదు. ఒకరోజు విసుగొచ్చి చారు పోపులో వేసేశాను. మా ఇళ్లలో పోపు పడకుండా ఏదీ కంచంలోకి రాదు కదా, మందు మాత్రం ఎందుకు రావాలి అనిపించింది. ఆవాలు చిటపటలాడాక ఎండుమిరప, వెల్లుల్లి, ఆ వెనక చుక్కలు, సన్నని సెగ మీద కాసేపు. ఆ చారు తాగి గవరయ్య లేచి వీధి చివరిదాకా నడిచి వచ్చాడు. నేను గుమ్మంలో నిలబడి ఏడ్చాను.

పక్కింటి అసిరమ్మ అది చూసి తన మొగుడికీ అలాగే పెట్టింది. "ఒలే రత్నం, పచ్చిగా ఏస్తే ఏటీ నేదే. నీ పోపులో ఏస్తే మా మావ తెల్లార్లూ కదలకుండా తొంగున్నాడు" అంది. ఇప్పుడు మూడో మెట్టు మీద అందరిదీ ఇదే పద్ధతి. సీసా మీద మాత్రం "పచ్చిగా వాడవలెను" అనే ఉంటుంది. సీసా మీద రాసింది ఎవరు చదివారు గనక.

జూన్ 17

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. పేరు చిరంజీవులు. కోనసీమ మునిగినప్పుడు ఎగువకు వచ్చేసిన కుటుంబమట. మాట వినగానే తెలిసిపోయింది, ప్రతి ముక్కకీ "అండి" తగిలిస్తాడు. సీసాల లెక్క చూశాడు, గానుగ చూశాడు, ముక్కుగారిని తుడిచి మళ్లీ పెట్టాడు. అన్నీ బాగున్నాయన్నాడు. ఇంతలో గాలి లేచి తీగబండి ఆపేశారు. కొండ కిందికి దిగాలంటే ఆ తీగ మీద వేలాడే డబ్బా తప్ప దారి లేదు. సరిగ్గా భోజనాల వేళ.

"మీరిలా కూకోండి బాబూ, ఓ ముద్ద తిని ఎల్దురు గాని" అన్నాను.

"వద్దండి, తనిఖీకి వచ్చిన చోట తినకూడదండి."

"తనిఖీ అయిపోనాది గాదా. ఇప్పుడు మీరు మా ఇంటికొచ్చిన మనిషి."

వేళకు గడపలో ఉన్న మనిషిని ఆకలితో పంపడం నాకు చేతకాదు. ఇంట్లో ఉన్నది రాగిముద్ద, ఉల్లిపాయ, గవరయ్య కోసం కాచిన చారు. అది వడ్డించాను. అందులో చుక్కలున్నాయన్న సంగతి వడ్డించేటప్పుడు నాకు గుర్తు కూడా లేదు. మా ఇంట్లో అది చారు, అంతే. ఆయన ఒకసారి పోసుకున్నాడు, మళ్లీ అడిగాడు, చివరికి గిన్నె వంచి తాగేశాడు.

"చారంటే ఇదండి బాబూ! మా అమ్మ పోయాక ఇలాంటిది తాగలేదండి. ఏం వేశారండి ఇందులో?"

నా మొహం చాటంత అయింది. ఆవాల దగ్గర మొదలుపెట్టి చుక్కల దాకా, సెగ ఎంత ఉండాలో, ఎప్పుడు దించాలో పూసగుచ్చినట్టు చెప్పాను. మంచం మీద నుంచి గవరయ్య కూడా అందుకున్నాడు. "పచ్చిగా అయితే పన్జెయ్యదు బాబూ. ఏడి తగిలితేనే దానికి పేణం వస్తాది." చిరంజీవులుగారు నవ్వి, నడుం వాల్చి, తీగబండి మళ్లీ కదిలేదాకా గుర్రుపెట్టి నిద్రపోయాడు. లేచి అటూ ఇటూ వంగి చూసుకున్నాడు. ఎన్నాళ్లనుంచో ఉన్న నడుం నొప్పి ఏమైందో అర్థం కావడం లేదన్నాడు. మీ గురించి మంచిగా రాస్తానండి అని దణ్ణం పెట్టి వెళ్లాడు. నాకు భలే సంతోషంగా ఉంది.

జూలై 2

తెర తెరవగానే కొత్త ఉత్తర్వు. ఇకమీద మందులో టీహెచ్‌సీని సీసాలో ఉన్నట్టు కొలవరట. తినేవాడు ఏ వేడి మీద వండుకుంటాడో ఆ వేడి తగిలించి కొలుస్తారట. నారమొక్కలో చాలా మత్తు పచ్చిగా ఉన్నంతసేపు నిద్రలో ఉంటుందనీ, సెగ తగిలితే లేస్తుందనీ కింద వివరంగా రాశారు. ఈ ముక్క మాకు ముందే తెలుసు, పేరే తెలియదు. నా చుక్కల్ని వేడి చేసి కొలిస్తే హద్దుకు పదింతలు వచ్చిందట. చుక్కల మందు తీసేవాళ్లందరి లైసెన్సులూ రద్దు. మెట్టపేటలో అప్పుడే దీనికి పోపు నియమం అని పేరు పెట్టేశారు.

సాయంత్రం చిరంజీవులుగారు ఫోను చేశాడు.

"నేను మంచిగానే రాశానండి నూకరత్నంగారూ. ఈ చారు వల్ల నా నడుం నొప్పి పోయిందనీ, రాష్ట్రమంతా ఇలా వాడితే జనానికి మేలనీ రాశానండి. అది చదివింది మనిషి కాదండి. మేలు సంగతి వదిలేసి, వేడి చేస్తే బలం పెరుగుతుందన్న ఒక్క మాట ఏరుకుందండి."

"మరి మీరు మళ్లీ రాయండి బాబూ, ఈ మడిసికి ఇది కావాలని."

"రాశానండి. నమోదైందని వచ్చిందండి."

ఆ మాట నాకు బాగా తెలుసు. ఫోను పెట్టేశాను.

జూలై 6

శాఖ నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి గానుగకు సీలు వేశారు. సీసాలన్నీ పట్టుకుపోయారు. గవరయ్య తలగడ కింద ఉన్న సగం సీసాతో సహా. ముక్కుగారిని గానుగ గదిలోంచి తీసి వంటింట్లో పొయ్యి పైన బిగించారు. మా ఇంట్లోనే కాదు, మెట్టుమెట్టుకీ అన్ని వంటిళ్లలో బిగిస్తున్నారు. అనుమతి లేకుండా మందు వేడి చేసినందుకు, దాన్ని ప్రభుత్వ ఉద్యోగికి తాగించినందుకు మాది "ఉల్లంఘన ఇల్లు" అని గుమ్మం మీద పసుపు బిళ్ల అతికించారు. బిళ్ల ఉన్నంతకాలం ఆ ఇంటికి చుక్కల మందు ఇవ్వరట. తాగించలేదు బాబూ, అన్నం పెట్టాను అన్నాను. ఆ పిల్లలు తల వంచుకుని బిళ్ల సరిగ్గా అతికిందో లేదో చూసుకున్నారు.

బదులుగా శాఖవాళ్లే మాత్రలు ఇచ్చారు. వేసుకున్న ప్రతిసారీ గవరయ్య వాంతి చేసుకుంటున్నాడు.

జూలై 14

లైసెన్సు లేకపోయినా ఈ తెర మాత్రం తెరుచుకుంటోంది. నన్ను తీసేయడం మరిచిపోయినట్టున్నారు.

ఇప్పుడు గవరయ్య కాళ్లకు దుప్పటి కూడా తగలకూడదు. తడిగుడ్డ వేస్తే కాసేపు ఊరుకుంటాడు, ఆ తర్వాత గుడ్డ కూడా మండుతోందంటాడు. అరవడు. అరిస్తే నాకు బాగుండును. పళ్లు బిగబట్టి గోడకేసి చూస్తుంటాడు, నేను గదిలోకి వస్తే మొహం మామూలుగా పెట్టుకుంటాడు. అది చూడలేక నేను గిన్నెలు తోమినవే తోముతున్నాను.

గట్టు మీద నారమొక్క కావలసినంత ఉంది. నిన్న నాలుగు ఆకులు దూసి తెచ్చి నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టాను. నీళ్లు వేడెక్కీ ఎక్కకముందే ముక్కుగారు ఎర్రబడి కూత పెట్టారు. పొయ్యి దానంతటదే ఆరిపోయింది. రెండు పూటలు వెలగలేదు. అసిరమ్మ గంజి తెచ్చి పెట్టింది గానీ, పెడుతూ అననే అంది.

"అడిగినోడికల్లా సెప్పీడమేనేటే? తిన్నాడు, ఎల్లిపోనాడు. ఆవాలు ఏసినానని ఊరుకోలేకపోనావా? మా మావ కూడా మూలుగుతున్నాడు సూడు."

"చారు బాగుందన్నాడే అసిరమ్మా" అన్నాను. అది గంజిలో ఉప్పు వేసి, కలిపి పెట్టి వెళ్లింది.

సేవా నంబరుకు ఫోను చేశాను. ఆడగొంతు, చాలా మర్యాద.

"మీ బాధ మాకు అర్థమైంది. మీ ఇంటి స్థితి: ఉల్లంఘన."

"అమ్మా, తప్పు నాది. నొప్పి ఆయనది. ఆయన మందు ఆయనకి ఇవ్వండి."

"ఆయన ఏ ఇంట్లో ఉంటారు?"

"నా ఇంట్లోనేనమ్మా, ఇంకెక్కడుంటాడు?"

"మీ ఇంటి స్థితి: ఉల్లంఘన. మా సేవతో తృప్తి చెందారా?"

ఆగస్టు 1

చాలా రోజులకు మంచి కబురు. కొండ దిగువన, తీగబండి ఆగే చోట, సర్కారు వేడి మందు కేంద్రం తెరుస్తోంది. రోగులు పేరు రాయించుకుని వెళ్తే అక్కడే కాచి, అక్కడే కొలిచి, మనిషి ఎదుట తాగిస్తారట. ఏం కాస్తారనుకున్నారు? చారు! చిరంజీవులుగారు తనే స్వయంగా వచ్చి చెప్పాడు. తన నివేదికలో జనానికి మేలన్న రెండో ముక్క కూడా ఎక్కడో, ఎవరికో అందిందట. ఆయన మొహంలో ఎంత సంతోషమో.

"వంటకి మిమ్మల్నే అడిగానండి. ఇంకెవరికీ ఆ సెగ తెలియదు కదండీ. ఏడాది పనిచేస్తే మీ ఉల్లంఘన కొట్టేస్తారండి."

"ఏడాది దాకా ఈ మడిసి ఆగగలడా బాబూ?"

"ఆగక్కర్లేదేమోనండి. కేంద్రంలో పనిచేసేవాళ్ల ఇంటికి బిళ్ల ఉండకూడదు కదండీ. నేను కనుక్కుంటానండి."

గవరయ్య చాలా రోజుల తర్వాత నవ్వాడు. "నువ్వొండిందే తాగుతాను గాదా, ఎక్కడ తాగితే ఏటి? తీగబండిలో నన్ను తాడేసి కట్టీసి తీసుకుపో" అన్నాడు. ఆ తాడు ఎక్కడ కట్టాలో, కాళ్లు దేని మీద చాపాలో మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. అసిరమ్మ కూడా వచ్చి, తన పాత పరుపు సగానికి కోసి ఇస్తానంది.

ఆగస్టు 9

కేంద్రంలో చేరాను. తెల్లటి గది, పెద్ద ఇనప పొయ్యి, దాని చుట్టూ నాలుగు ముక్కుగార్లు. తెర మీద వేలు పెట్టమన్నారు. వేలు పెట్టాక షరతులు చదివి వినిపించారు. పెట్టకముందు చదివితే ఏమయ్యేదో నాకు తెలియదు. వంటవాళ్లు తమవాళ్లకు ఎక్కువ పోస్తారేమోనని, కేంద్రంలో పనిచేసేవాళ్ల ఇంటి మనుషులకు మందు ఇవ్వరట.

అయితే మానేస్తానన్నాను. మానేస్తే మాది ఉల్లంఘన ఇల్లుగానే ఉంటుంది, అప్పుడూ ఇవ్వరు. ఏడాది పూర్తిచేస్తే బిళ్ల తీసేస్తారు, అప్పుడు ఉద్యోగం మానేస్తే ఆయనకు ఇస్తారు. అంటే దారి ఉంది. ఆ దారి పొడుగు ఏడాది.

చిరంజీవులుగారు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. "నాకు తెలియదండి. ఒట్టండి, నాకు తెలియదండి" అని అంటూనే ఉన్నాడు. ఆయన్ని తిడదామనుకున్నాను. తిట్టేందుకు ఆ మొహంలో ఏమీ మిగల్లేదు. మంచివాడు. ఆయన మంచితనం వల్లే మాకు రెండుసార్లు దెబ్బ తగిలింది.

ఇంటికొచ్చి చెప్పాను. గవరయ్య మంచం పక్కన సగం పరుపు, తాడు చుట్టి పెట్టి ఉన్నాయి. చాలాసేపు తాడుకేసే చూశాడు.

"ఏడాదే గాదా" అన్నాడు.

"ఏడాది, మావా."

"నువ్వు మానీకు. మానీసినావంటే ఆ ఏడాది కూడా ఉండదు."

తర్వాత తాడు తీసేయమన్నాడు. కళ్ల ముందు ఉండకుండా.

ఆగస్టు 26

పని ఇలా ఉంటుంది. పొద్దున తీగబండిలో దిగుతాను. చీర విప్పించి గౌను ఇస్తారు. చుక్కలు నా చేతికి ఇవ్వరు, పైనుంచి గొట్టంలో పడతాయి. నేను సెగ చూసుకోవాలి, దించాలి. ఒక్కొక్కరికి ఒక్కొక్క గరిటె. ఎక్కడెక్కడివాళ్లో వస్తున్నారు. మొన్న ఒక ముసలావిడ తాగి, కాసేపు కూర్చుని, చేతి వేళ్లు ఒక్కొక్కటీ చాపి చూసుకుంది. నా కాళ్లకు దణ్ణం పెట్టబోయింది. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అమ్మా లే, లే అని కసిరాను పాపం.

పని అయ్యాక సబ్బునీళ్లతో మోచేతుల దాకా కడిగిస్తారు. జడ విప్పి దులిపిస్తారు. గోళ్ల కింద బ్రష్షు పెడతారు. ఆ తర్వాత ముక్కుగారు ఒంటి చుట్టూ తిరిగి వాసన చూసి పచ్చబడితేనే తలుపు తెరుచుకుంటుంది. వంట చేసి వచ్చిన ఏ ఆడదాని చేతికైనా పోపు వాసన ఉంటుంది. నా చేతులకు సబ్బు వాసన తప్ప ఏమీ ఉండదు. నిన్న అన్నం తినిపిస్తుంటే గవరయ్య నా వేళ్లు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ తర్వాత వదిలేశాడు. నాకు ఆ కేంద్రాన్ని కొండ మీంచి కిందికి దొర్లించాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియక వెళ్లి నీళ్లు మోశాను.

సెప్టెంబరు 11

అసిరమ్మ వాళ్లది ఉల్లంఘన ఇల్లు కాదు. వాళ్లాయన పేరు ఇన్నాళ్లకు జాబితాలో వచ్చింది. ఈరోజు ఆయన్ని అదే తీగబండిలో తెచ్చారు, నేనూ అందులోనే ఉన్నాను. గవరయ్య కోసం కోసిన సగం పరుపు నేనే ఇచ్చాను, ఆయన దాని మీదే వచ్చాడు. అసిరమ్మ దారంతా నా వైపు చూడలేకపోయింది.

నా చేత్తోనే పోశాను. ఎప్పటికంటే జాగ్రత్తగా కాచాను, ఆవాలు ఒక్కటి మాడకుండా. నాకు అసూయ లేదని రాయను. గరిటె పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత పోసింది. వంట చేసేవాళ్లు రుచి చూడకూడదని కేంద్రంలో నియమం, గరిటె నోటి దగ్గరకు వెళ్తే ముక్కుగారు కూస్తారు. కాబట్టి ఉప్పు కూడా అంచనాకే వేస్తాను.

సాయంత్రం ఇంటికొచ్చాను. గవరయ్యకు ఒళ్లు తుడిచి, గుడ్డ తడిపి కాళ్ల మీద వేశాను. ఎక్కువగానే ఉంది ఈరోజు, గోడకేసి తిరిగి ఉన్నాడు. అప్పుడు వీధిలో అడుగుల చప్పుడు వినిపించింది. నింపాదిగా, ఎవరి సాయమూ లేని అడుగులు. గవరయ్య తల తిప్పి విన్నాడు. మా గుమ్మం ముందుకు వచ్చేసరికి ఆ అడుగులు మెల్లబడ్డాయి, చప్పుడు కాకూడదని కాబోలు, మునివేళ్ల మీద దాటాయి.

"ఎవుడది? అసిరమ్మ మావేనా?"

"ఆయనే."

"నడుస్తున్నాడా?"

"నడుస్తున్నాడు, మావా."

ఆ అడుగులు వాళ్లింటి మెట్లెక్కేదాకా విన్నాడు. తలుపు పడిన చప్పుడయ్యింది. నేను గుడ్డ తీసి మళ్లీ తడిపాను. ఏడుస్తాడేమోనని భయపడ్డాను, లేదా నన్ను తిడతాడేమోనని. తిట్టినా బాగుండేది.

"నువ్వు కాసిందేనా?" అన్నాడు.

"నేనే కాశాను."

పళ్లు బిగబట్టి, ఒక మంట పోయేదాకా ఆగి, అడిగాడు.

"ఉప్పు సరిపోనాదా?"

సరిపోయిందన్నాను.